రెండు సెంట్లలో ఏది, ఎప్పుడు? హైదరాబాదులో ఉండేవాళ్ల కోసం

"ఈ రెండింటిలో ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లు మామూలుగా రెండు సెంటు సీసాల ఫొటోలు పంపుతారు. ఒకటి నిమ్మో నారింజో గుర్తుచేసే తేలికపాటిది. రెండోది ఊదో (అగరు చెక్క వాసన), అంబరో (తియ్యగా, వెచ్చగా ఉండే వాసన) కలిసిన బరువైనది. నేను ప్రతిసారీ ఎదురు ప్రశ్నే వేస్తాను: ఎక్కడికి, ఏ నెలలో, ఎన్ని గంటలకు? అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. రెండు వారాల తర్వాత అదే మనిషి మళ్లీ రాస్తారు: "కొనేశాను, దుకాణంలో ఉన్నట్టు లేదు."

ఉండదు మరి. దుకాణంలో మొదటి పది నిమిషాలు వచ్చే వాసన చూసి డబ్బు కడతాం. సాయంత్రం దాకా మనతో తిరిగేది వేరే వాసన. ఆ రెండో దాన్ని ముందే పట్టుకునే పద్ధతి కింద రాస్తున్నాను. నాలుగు రోజులు పడుతుంది.

కావలసినవి

- రెండు సెంట్ల నమూనాలు. ఒక్కొక్కటి 2 మి.లీ. చాలు. అత్తరైతే 3 మి.లీ. సీసా.
- ఉతికి, ఎండలో ఆరేసిన పాత నూలు రుమాళ్లు రెండు.
- చిన్న పుస్తకం, పెన్ను, ఫోనులో అలారం.
- మొహమాటం లేని మనిషి ఒకరు. కొత్తగా పెళ్లయినవాళ్లు ఒకరికొకరు ఈ పనికి పనికిరారు.
- జలుబు లేని నాలుగు రోజులు.

కాఫీ గింజలు అక్కర్లేదు. కొన్ని దుకాణాల్లో వాటిని గిన్నెలో పోసి ముక్కు దగ్గర పెడతారు గానీ, అది ఇంకో ఘాటైన వాసన, అంతే. ముక్కు మొద్దుబారితే బయటికొచ్చి రెండు నిమిషాలు నిలబడండి. అదీ కుదరకపోతే మీ చొక్కా భుజాన్నే వాసన చూసుకోండి. మీ ముక్కు అలవాటు పడ్డ వాసన అదే కాబట్టి మళ్లీ మొదటికి వస్తుంది.

సీసా మీద చదవాల్సిన ఒక్క ముక్క

"ఓ ద కొలోన్" అని ఉంటే అందులో సుగంధ నూనెల పాలు సుమారు 2 నుంచి 5 శాతం. "ఓ ద టాయ్‌లెట్" అంటే 5 నుంచి 15. "ఓ ద పర్ఫ్యూమ్" అంటే 15 నుంచి 20. మిగతాదంతా దాదాపు ఆల్కహాలే. కంపెనీని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. అత్తరులో ఆల్కహాల్ ఉండదు, నూనే. అందుకే అది దూరానికి కొట్టదు, ఒంటికి దగ్గరగా ఎక్కువసేపు ఉంటుంది. ఒకే పేరుతో టాయ్‌లెట్, పర్ఫ్యూమ్ రెండూ దొరికినప్పుడు అవి ఒకే సరుకు పలచన, చిక్కన అనుకోకండి. చాలాసార్లు మిశ్రమమే మారుతుంది. రెండింటినీ వేర్వేరు సెంట్లుగా లెక్కపెట్టి పరీక్షించండి.

1. ముందు చోటు రాసుకోండి, తర్వాత సెంటు

"వేసవికి" అని రాస్తే లాభం లేదు. "ఏప్రిల్, పొద్దున 9, మెట్రోలో నిలబడి, ఆపైన సాయంత్రం 6 దాకా ఏసీలో" అని రాయండి. మీ వారంలో అలాంటి సందర్భాలు మూడో నాలుగో తేలతాయి. ఆఫీసు, బండి మీద తిరుగుడు, పెళ్లి, ఆదివారం సాయంత్రం. వాటి పక్కన నెలకు ఎన్నిసార్లు అన్నది కూడా వేయండి. చివర్లో తీర్పు చెప్పేది ఈ అంకే.

2. నమూనాలు తెచ్చుకోండి

మాల్‌లో కొనే సెంట్లకు నమూనా గొట్టాలు అడగండి. ఇవ్వకపోతే విడిగా అమ్మేవాళ్ల దగ్గర చిన్న సీసాలు దొరుకుతాయి. అత్తరుకైతే చార్మినార్ చుట్టుపక్కలే. పత్తర్‌గట్టి, మదీనా, లాడ్ బజార్ వైపు అత్తరు దుకాణాలు వరసగా కనిపిస్తాయి. రంజాన్ రాత్రుల్లో ఆ వీధులు చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఎంచుకోవడానికి ఆ సమయం మంచిది కాదు. హలీం, కబాబుల పొగ మధ్య ముక్కు ఏం తేలుస్తుంది? మామూలు రోజున కొట్లు తెరవగానే, రద్దీ పెరగకముందే వెళ్లండి.

దుకాణదారు గాజు పుల్లతో మీ చేతి వెనక ఒక గీత గీస్తాడు. రెండోది, మూడోది కూడా గీస్తాడు. అక్కడ ఆపండి. నాలుగోది కాగితం ముక్కకు పూయమనండి. మూడు దాటాక ముక్కు చెప్పేదాన్ని నమ్మలేం. కొలత తులాల్లో చెబితే ఒక తులం అంటే 11.66 గ్రాములు. మొదటిసారి పావు తులం తీసుకోవడమే తెలివి.

జాగ్రత్త: పూలను ఆవిరి పట్టి ఆ ఆవిరిని చందనం నూనెలోకి దించడం కన్నౌజ్‌లో తరతరాల పద్ధతి. చందనం ధర పెరిగాక చవక రకాలకు పారఫిన్ వంటి నూనెలే ఆధారం. కాబట్టి వంద రూపాయల చిన్న సీసాను "అసలు రూహ్ గులాబ్" (అచ్చమైన గులాబీ నూనె) అంటే నమ్మకండి. అది చెడ్డదని కాదు. వాసన నచ్చితే కొనండి, పేరుకు మాత్రం డబ్బు కట్టకండి.

3. పేరు తెలియకుండా చూడండి

సీసా ధర తెలిసిన ముక్కు నిజం చెప్పదు. ఇంట్లో ఎవరినైనా పిలిచి, ఒక రుమాలు మీద ఒకటి, రెండో దాని మీద రెండోది వేయమనండి. మూలన 1, 2 అని రాయించండి. ఏది ఏదో మీకు చెప్పకూడదు.

మా ఇంట్లో ఈ పని మా పిన్నిది. ఒకసారి నేను నెలంతా ఊరించుకుని తెచ్చుకున్న ఖరీదైన సెంటునూ, స్నేహితుడు ఇచ్చిన మామూలు వట్టివేరు అత్తరునూ రుమాళ్ల మీద వేసి ఆవిడ చేతికే ఇచ్చాను. మొదటిది వాసన చూసి, దూరంగా పట్టుకుని, "చీమల మందు ఎక్కడ చల్లావురా?" అంది. రెండోది తిరిగి ఇవ్వలేదు. మడిచి బొడ్లో దోపుకుంది.

4. మొదటి రోజు: మీ ఒంటి మీద

ఇది అసలు మెట్టు, తొందరపడకండి.

ఆ పొద్దున వాసన లేని సబ్బుతో స్నానం చేయండి. పౌడరు, డియోడరెంటు, తలకు కొబ్బరినూనె, పూలు అన్నీ ఆ రోజుకు బంద్. ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాక, ఎడమ మోచేతి మడతలో 1, కుడి మోచేతి మడతలో 2. ఒక్కో జల్లు చాలు. అత్తరైతే అరచుక్క.

మణికట్టు మీద ఎందుకు వద్దంటే, మనం చేత్తో తినేవాళ్లం. మధ్యాహ్నం చేయి కడుక్కుంటే పరీక్ష కూడా దాంతోపాటే పోతుంది. కుడి చేతిది పప్పులోకి, ఎడమ చేతిది గ్లాసు మీదికి వెళుతుంది. రెండు మణికట్లు ఒకదానికొకటి రుద్దుకోవడం ఇంకో దురలవాటు. రాపిడి వేడికి మొదటి వాసన తొందరగా ఎగిరిపోతుంది. పైగా ఇక్కడ రెండు సెంట్లూ కలిసిపోతాయి.

ఇప్పుడు అలారాలు: 15 నిమిషాలు, 1 గంట, 4 గంటలు, 8 గంటలు. ప్రతిసారీ మూడే మాటలు రాయండి: ఏం గుర్తుకొచ్చింది, ఎంత దూరానికి తెలుస్తోంది, ఇష్టమా కాదా. నా పుస్తకంలో కిందటి మార్చి నాటి పేజీ ఇలా ఉంది:

15 నిమి.: ఎడమ, నారింజ తొక్క వలిచినట్టు. భలే. కుడి, మందుల షాపు.
1 గంట: ఎడమ, నారింజ వెళ్లిపోయింది, సబ్బు మిగిలింది. కుడి, కాస్త మెత్తబడింది, చెక్క వాసన.
4 గంటలు: ఎడమ, ముక్కు ఆనిస్తే తప్ప లేదు. కుడి, కొత్త బీరువా తలుపు తెరిచినట్టు. బాగుంది.
8 గంటలు: ఎడమ, ఏమీ లేదు. కుడి, ఇంకా ఉంది. రాత్రి భోజనానికి కూర్చుంటే అడ్డం అనిపించింది.

దుకాణంలోనైతే ఎడమ చేతిది కొనేవాణ్ణి. నాలుగో గంట చూశాక కుడిచేతిది కొనేవాణ్ణి. ఎనిమిదో గంట చూశాక, కుడిచేతిది కొనాలి గానీ భోజనాలున్న చోటికి కాదు అని తేలింది. ఒకే పేజీలో మూడు తీర్పులు.

రాత్రి పడుకునే ముందు మడతల్లో దురద, ఎర్రదనం ఉన్నాయేమో చూడండి. మర్నాడు పొద్దున మళ్లీ చూడండి. ఉంటే ఆ సెంటు ఒంటికి వద్దు. బట్టకే పరిమితం చేయండి, లేదా వదిలేయండి.

5. రెండో రోజు: ఎండలో

మధ్యాహ్నం 12 నుంచి 3 లోపు ఒక గంట బయట ఉండే పని పెట్టుకోండి. వేడికి నూనెలు తొందరగా ఆవిరవుతాయి. తేలికది ఇంకా తొందరగా పోతుంది. బరువైనది ఒక్కసారిగా విజృంభిస్తుంది. మేలో పాదరసం 40 దాటినప్పుడు డిసెంబరులో ముద్దొచ్చిన ఊదు ఏమవుతుందో చెబుతాను. ఒకసారి నేనే రెండు చుక్కలు రాసుకుని బండి మీద ఆఫీసుకు వెళ్లాను. లిఫ్టులో నాతోపాటు ఎక్కినాయన ఎనిమిదో అంతస్తు నొక్కి, రెండో అంతస్తులో దిగి, మెట్లెక్కి వెళ్లాడు. ఏమీ అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

జాగ్రత్త: నిమ్మజాతి నూనెలు, ముఖ్యంగా బెర్గమోట్, రాసిన చోట నేరుగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లమచ్చలు పడవచ్చు. ఎండలోకి వెళ్లేటప్పుడు మెడ మీద, ముంజేతుల మీద వేసుకోకండి. చొక్కా లోపలి వైపు వేసుకోండి.

చెమట మీద సెంటు కొడితే చెమట పోదు, మూడో వాసన ఒకటి పుడుతుంది. ముందు కడుక్కోండి. నీళ్లు దొరక్కపోతే తడిగుడ్డతో తుడుచుకోండి. అదీ లేకపోతే ఊరుకోండి.

6. మూడో రోజు: ఏసీ గదిలో

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసేవాళ్లకు ఏడాదంతా ఒకటే ఋతువు: 24 డిగ్రీలు. కిటికీలు తెరుచుకోవు, గాలి చాలామటుకు అదే మళ్లీ తిరుగుతుంది. కాబట్టి అక్కడ "ఎంతసేపు నిలుస్తుంది" అన్నదానికంటే "ఎంత దూరం పోతుంది" అన్నదే ముఖ్యం. చేయి చాచినంత దూరం దాటి తెలిస్తే ఎక్కువైనట్టే. పక్క సీటు మనిషిని "నా సెంటు బాగుందా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "ఇక్కడ ఏదైనా వాసన వస్తోందా?" అని అడగండి. "ఏమీ లేదే" అన్నారంటే ఆఫీసుకు అది నెగ్గింది.

గదిలో ఎవరికైనా ఉబ్బసమో, సెంట్లకు తలనొప్పో ఉంటే ఈ మెట్టంతా వదిలేయండి. ఏదీ వేసుకోకపోవడమే జవాబు.

7. నాలుగో రోజు: జనంలో

పెళ్లో, పేరంటమో, ఏదీ లేకపోతే ఆదివారం సాయంత్రం బంధువుల ఇల్లో. ఫంక్షన్ హాల్లో మీ సెంటుకు పోటీ చాలా ఉంటుంది. మల్లెలు, అగరొత్తులు, పన్నీరు, బిర్యానీ. అక్కడ మెత్తనివి మునిగిపోతాయి, తియ్యనివి వంటల వాసనతో కలిసి వెగటు పుట్టిస్తాయి. చందనం, ఊదు లాంటి చెక్క వాసనలు నిలబడతాయి. జడలో మల్లెపూలు పెట్టుకుంటే పూల సెంటు వద్దు, రెండూ దెబ్బలాడుకుంటాయి.

ఇక్కడ మూడు హెచ్చరికలు:

- ముత్యాలు వేసుకునేవాళ్లు సెంటు ముందు కొట్టుకుని, అది ఆరాక దండ వేసుకోండి. ఆల్కహాల్ తగిలితే ముత్యం మెరుపు తగ్గుతుంది, మళ్లీ రాదు. మా అమ్మ దండలో మెడ వెనక వైపు వచ్చే ముత్యాలు నాలుగు అలాగే మసకబారాయి.
- పట్టుచీర మీద, జరీ మీద నేరుగా వద్దు. అత్తరు నూనె మరక పట్టుకు పట్టిందంటే వదలదు. లోపలి బట్టకు రాసుకోండి.
- కొట్టుకున్న వెంటనే దీపం, హారతి దగ్గరికి వెళ్లకండి. ఆల్కహాల్ ఆరేదాకా అది మండే సరుకే.

చంటిపిల్లను చూడబోతే, ఆసుపత్రికి, చావు ఇంటికి వెళితే ఈ ఎంపికే లేదు, ఏదీ వేసుకోకండి. నమాజుకు వెళ్లే మిత్రులకు కానుకగా కొంటుంటే ఆల్కహాల్ లేని అత్తరు తీసుకోండి. చాలామంది దాన్నే ఇష్టపడతారు. బోనాల రోజున మాత్రం ఏదైనా ఒకటే. వేపాకు, పసుపు, సాంబ్రాణి పొగల మధ్య మీ సెంటు సంగతి ఎవరికీ పట్టదు.

8. తీర్పు

పుస్తకం తెరిచి, మొదటి మెట్టులో వేసిన అంకెల పక్కన 1 లేదా 2 రాయండి. మన ఊరికి నేను వాడే లెక్క ఇది:

మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా: వట్టివేరు, నిమ్మ, నారింజ, పలచని గులాబీ. వట్టివేరు తడకలు కిటికీలకు కట్టి నీళ్లు చల్లిన ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వానాకాలం: గాలిలో తేమ ఉన్నప్పుడు వాసనలు ఎక్కువగా తెలుస్తాయి కాబట్టి వేసవిలో వాడినదాంట్లో సగం చాలు. అసలు సమస్య సెంటు కాదు, సరిగా ఆరని బట్టలు. ముక్కిన వాసన మీద సెంటు వేస్తే రెండూ కలిసి ఇంకా గట్టిగా మాట్లాడతాయి. ముందు ఇస్త్రీ చేయండి. వానకు తడిసిన నేల వాసన వచ్చే మట్టి అత్తరు ఈ నెలల్లో దండగ. బయట ఉచితంగా వస్తోంది కదా. దాన్ని ఏప్రిల్‌కు దాచుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకా: ఊదు, అంబర్, షమామా (మసాలా దినుసులు, మూలికల అత్తరు), వనిల్లా కలిసినవి. అదీ సాయంత్రాలకే. మామూలుగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శనకు శాలువా కప్పుకుని వెళ్లే రోజులు వీటివి.

అంటే ఏమైంది? బరువైన సెంటుకు మన ఊళ్లో ఏడాదికి మూడున్నర నెలలే, అందులోనూ రాత్రిళ్లే. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడానికి ఇదేమైనా స్వయంవరమా? పరిమాణంలో తేల్చేయండి. ఒక జల్లు సుమారు 0.1 మి.లీ. 50 మి.లీ. సీసా అంటే 500 జల్లులు. రోజుకు నాలుగు చొప్పున నాలుగు నెలలు. తేలికది అలా కొనండి, అయిపోతుంది. బరువైనదాన్ని 3 మి.లీ. అత్తరుగా కొనండి. చుక్క 0.05 మి.లీ. వేసుకున్నా 60 సాయంత్రాలు, రెండు చలికాలాలు గడిచిపోతాయి. ఒక్కటే కొనే డబ్బుంటే తేలికదే కొనండి. నాకు ఊదు ప్రాణం, అయినా ఈ మాటే చెబుతాను.

ఎక్కువమంది చేసే తప్పులు

*ఇంకా రెండు జల్లులు వేయడం.* అరగంటకు మీ సెంటు మీకు తెలియదు, ముక్కు అలవాటు పడిపోతుంది. ఎదుటివాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. సరిచూసుకోవాలంటే పది నిమిషాలు బయట తిరిగి, చొక్కా విప్పిన గదిలోకి మళ్లీ రండి. గుమ్మంలో తెలిసిందా, అది ఉన్నట్టే.

*రెండూ కలిపి కొట్టుకోవడం.* దుకాణాల్లో ఈ మధ్య ఇదొక వేడుక. విడివిడిగా రెండింటినీ నెలపాటు వాడాక ప్రయత్నించండి, అంతకుముందు కాదు.

*డియోడరెంటును మరిచిపోవడం.* నాలుగు రోజులూ అది లేకుండా పరీక్షించి, ఐదో రోజు ఘాటైన డియోడరెంటు మీద సెంటు కొట్టుకుని "మారిపోయింది" అంటారు. వాసన లేని రకం వాడండి.

*బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో, స్నానాల గదిలో పెట్టడం.* వేడి, వెలుతురు రెండూ సెంటును పాడుచేస్తాయి. రంగు ముదిరి, మొదటి వాసన పుల్లగా మారితే చెడిపోయినట్టు. అట్టపెట్టెలోనే ఉంచి, బీరువాలో కింది అరలో పెట్టండి.

*మరీ చవగ్గా దొరికిందని కొనడం.* పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ అంకె, సీసా అడుగున ఉన్న అంకె ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

ఆఖరి పరీక్ష, ఓడినదాని సంగతి

కొన్న సీసాను మొదటిసారి వేసుకున్న రోజు చొక్కాను ఉతక్కుండా కొక్కేనికి తగిలించండి. మర్నాడు పొద్దున పళ్లు తోముకోకముందే కాలరు వాసన చూడండి. మళ్లీ వేసుకోవాలనిపిస్తే సరైనదే కొన్నారు. ఉతుకులో వేసేయాలనిపిస్తే పుస్తకంలో ఎనిమిదో గంట దగ్గర ఏం రాశారో తిరగేయండి, అక్కడ ఏదో దాటేసి ఉంటారు.

ఓడిపోయిన నమూనాను పారేయకండి. దూది ఉండ మీద రెండు చుక్కలు వేసి, ఆరాక పాత డబ్బాలో పెట్టి, మూతకు సూదితో నాలుగు చిల్లులు పొడిచి, దుప్పట్ల అరలో ఉంచండి. డిసెంబరులో దుప్పటి తీసినప్పుడు, ఒంటి మీద నచ్చనిది అక్కడ నచ్చుతుందేమో చూడండి. మా ఇంట్లో ఆ చీమల మందు ఇప్పుడు అక్కడే ఉంది, పిన్ని కూడా ఏమీ అనడం లేదు.